నీళ్లు దిగితే ఊరు కనపడతాది

ఎండాకాలం శ్రీశైలం డ్యామ్‌లో నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడతాది. జనం వేపమాను లింగానికి మొక్కేకి పోతారు. ఒక ఏడు నాతో వచ్చిన ముంపు ఊరి తాత గుడికాడ ఆగలే. దూరంగా ఎండిన బురద దిక్కు చెయ్యి చాపి, "ఆడ మా కల్లం, ఆ పక్క రచ్చకట్ట, దాని ఎనక మా జొన్నచేను" అని చూపించినాడు.

1981లో ఈ డ్యామ్ కోసం కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వంద దాకా ఊర్లు ఖాళీ చేయించినారు. 854 అడుగులు, 885 అడుగులు అని సీమ నీళ్ల కోసం మనం కొట్లాడతాం. కొట్లాడాల్సిందే. ఆ అడుగుల కింద ఎవరి ఊర్లుండాయో గూడా తెలుసుకోవల్ల.

పసిఫిక్ సముద్రంలో బనాబా అని చిన్న దీవి ఉంది. ఎరువు రాయి కోసం దాన్ని తవ్వి, 1945లో అక్కడి జనాన్ని ఫిజీలోని రాంబీ దీవికి చేర్చినారు. వాళ్లు దిగిన డిసెంబర్ 15ను ఇప్పటికీ ఏటేటా తలుచుకుంటారు.

మనకు అట్లాంటి దినమే లేదు. 1986లో వచ్చిన 98 జీవో ప్రకారం ఇంటికొక ఉద్యోగం కోసం ముంపు పిల్లోళ్లు ఏండ్ల తరబడి ధర్నాలు చేసినారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊర్లో ముంపు నుంచి వచ్చిన అవ్వాతాతలుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, చేని పేరు, పోయిన ఎకరాలు అడగండి. రేపు బాకీ అడిగేటప్పుడు ఆ ముచ్చట్లే సాక్ష్యం.