ముఖ్యమంత్రికిచ్చిన అర్జీ తిరిగి గొలుగొండకే ఎందుకొస్తుంది?

‘‘పాస్‌పుస్తకంలో విస్తీర్ణం తక్కువ పడింది. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాం, పని కాలేదు. వెలగపూడి దాకా వెళ్లి సీఎం పేషీలో అర్జీ ఇచ్చాం. తీరా చూస్తే ఆ కాగితం మళ్లీ గొలుగొండ తహసీల్దారుకే వచ్చింది. మరి అంత దూరం ఎందుకు పోయినట్టు?’’

మన పల్లెల్లో భూమి తగాదా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండే ప్రశ్న ఇది. అర్జీ పెట్టినవాళ్లకు కడుపు మండటంలో తప్పులేదు. ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్ల బల్ల మీదికే అది చేరితే ఇక పెద్దాయన దగ్గరికి వెళ్లడం దేనికనిపిస్తుంది. కానీ అది అలా తిరిగి రావడానికి బలమైన కారణమే ఉంది.

భూమి రికార్డును సరిదిద్దే అధికారం 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం నుంచి వస్తుంది. ఆ చట్టం తహసీల్దారుకు ఆ అధికారం ఇచ్చింది. ఆయన ఉత్తర్వు నచ్చకపోతే రెవెన్యూ డివిజనల్ అధికారి (ఆర్డీఓ)కి అప్పీలు చేసుకోమంది. ఆ పైన జిల్లా స్థాయిలో రివిజన్ పెట్టింది. అంటే గొలుగొండ రైతుకు గొలుగొండ, నర్సీపట్నం, అనకాపల్లి అన్నదే చట్టం గీసిన దారి. ఇందులో ముఖ్యమంత్రి ఎక్కడా లేరు. ఆయన తలచుకున్నా మీ భూమి రికార్డు 1-బిలో ఒక సెంటు కలపలేరు, ఒక సెంటు తీయలేరు. ఇది మనకు నష్టమని నేననుకోను. పైనుంచి వచ్చిన ఒక్క ఫోనుతో మీ భూమి మీకొచ్చే రోజు ఉంటే, అలాంటి ఇంకో ఫోనుతో అది పొరుగువాడికి పోయే రోజూ ఉంటుంది.

మరి పేషీ, అంటే ముఖ్యమంత్రి కార్యాలయం, చేసే పనేమిటి?

రాజ్యాంగంలో ముఖ్యమంత్రి ఉన్నారు, మంత్రిమండలి ఉంది. 163, 164 అధికరణలు వాళ్ల గురించే చెబుతాయి. ముఖ్యమంత్రి కార్యాలయం అన్న పేరు మాత్రం అందులో లేదు. 166వ అధికరణ ప్రకారం ప్రభుత్వం చేసే ప్రతి పనీ గవర్నరు పేరు మీద జరగాలి. ఆ పని ఎవరెవరు ఎలా పంచుకోవాలో చెప్పే నియమాలనూ గవర్నరు పేరు మీదే చేస్తారు. రాష్ట్ర విభజన తర్వాత మన రాష్ట్రం 2018లో వీటిని కొత్తగా రాసుకుంది. సచివాలయంలో ఈ నియమాలను బిజినెస్ రూల్స్ అంటారు.

ఈ నియమాలు ఎలా నడుస్తాయో తెలియాలంటే ఏదైనా ఒక ప్రభుత్వ ఉత్తర్వును (జీవోను) చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. పైన శాఖ పేరు, జీవో నంబరు, తేదీ. ఆ కింద అంతకుముందు నడిచిన ఉత్తరాల జాబితా. తర్వాత అసలు ఉత్తర్వు. చివర ‘ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఆదేశానుసారం, వారి పేరున’ అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు వాక్యం, దాని కింద ఆ శాఖ కార్యదర్శి సంతకం. ముఖ్యమంత్రి సంతకం ఉండదు. ఆ తర్వాత ప్రతులు ఎవరెవరికి పంపాలో రాస్తారు. చాలా జీవోల్లో ముఖ్యమంత్రి వ్యక్తిగత కార్యదర్శి మాట మొదటిసారి కనపడేది ఆ ప్రతుల జాబితాలోనే. ఉత్తర్వు ఇచ్చేది శాఖ. పేషీకి అందేది కాపీ.

అలాగని పేషీకి బలం లేదనుకోకూడదు. వెలగపూడి సచివాలయం ఒకటో భవనంలో ముఖ్యమంత్రి చుట్టూ కొందరు ఐఏఎస్ అధికారులు, ప్రత్యేక విధుల అధికారులు (ఓఎస్డీలు) ఉంటారు. ఒక్కొక్కరికి కొన్ని శాఖలు అప్పగిస్తారు. శాఖలో ఫైలు సెక్షన్ నుంచి మొదలై సెక్షన్ ఆఫీసరు, డిప్యూటీ సెక్రటరీ, కార్యదర్శి, మంత్రి దాకా ఎక్కుతుంది. ముఖ్యమంత్రి చూడాల్సినదైతే పేషీకి వస్తుంది. ఇప్పుడిది ఎక్కువగా కంప్యూటరులోనే నడుస్తుంది. శాఖ ఏం అడుగుతోంది, ఆర్థిక శాఖ ఒప్పుకుందా, న్యాయశాఖ అడ్డు చెప్పిందా, పాత హామీతో పొంతన ఉందా అన్నవన్నీ చూసి ముఖ్యమంత్రి ముందు పెట్టేది ఈ అధికారులే. రోజుకు ఉన్నవి 24 గంటలే. వాటిలో ఏ ఫైలు ముందు, ఎవరి అపాయింట్‌మెంటు ముందు అన్నది తేల్చడమే పేషీ అసలు బలం. చట్టం ఇవ్వని అధికారం అక్కడ పుడుతుంది.

అందుకే పేషీకీ ప్రధాన కార్యదర్శికీ మధ్య ఎప్పుడూ ఒక గీత ఉండాలి. శాఖలన్నిటికీ పెద్ద ప్రధాన కార్యదర్శి. పేషీ అధికారి ముఖ్యమంత్రికి సహాయకుడు. ఆ గీత ఎంత సున్నితమైనదో 2019 నవంబరులో రాష్ట్రమంతా చూసింది. మంత్రివర్గం ముందుకు అంశాలు పెట్టడంలో నియమాలు పాటించలేదంటూ అప్పటి ప్రధాన కార్యదర్శి ఎల్.వి. సుబ్రహ్మణ్యం, ముఖ్యమంత్రి కార్యాలయంలో ముఖ్య కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ ప్రకాశ్‌కు నోటీసు ఇచ్చారు. రోజులు తిరక్కుండానే బదిలీ అయింది నోటీసు ఇచ్చిన ప్రధాన కార్యదర్శే. ఆయన్ను బాపట్లలోని శిక్షణ సంస్థకు పంపారు. ఆ వివాదంలో ఎవరిది ఒప్పన్న చర్చ అలా ఉంచితే, రూల్స్ పుస్తకంలో పెద్ద కుర్చీ ఒకటి, వాస్తవంలో పెద్ద కుర్చీ ఇంకొకటి అయితే పాలనకు మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

పేషీ ఉద్యోగం ముఖ్యమంత్రికి ఎంత దగ్గరగా ఉండి చేసేదో చెప్పడానికి ఇంకో సంఘటన చాలు. 2009 సెప్టెంబరు 2న రచ్చబండ కార్యక్రమానికి బయలుదేరిన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు కూలినప్పుడు, ఆయనతో పాటు ప్రాణాలు కోల్పోయినవారిలో ముఖ్యమంత్రి ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం ఒకరు. ముఖ్యమంత్రి ఎక్కడ ఉంటే పేషీ అక్కడ ఉంటుంది.

ఇలాంటి కార్యాలయం ఉన్నది మనకొక్కరికే కాదు. ప్రధానికి పెద్ద సచివాలయం 1964లో లాల్ బహదూర్ శాస్త్రి కాలంలో ఎల్.కె. ఝా కార్యదర్శిగా రూపు కట్టింది. అమెరికాలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1939లో అధ్యక్షుడి కార్యనిర్వాహక కార్యాలయం ఏర్పాటు చేసుకున్నారు. పని పెరిగేకొద్దీ ఒక మనిషి అన్నీ చూడలేరన్నదే అన్నిచోట్లా కారణం.

‘‘బహిరంగ సభలో ముఖ్యమంత్రి రోడ్డు వేస్తామన్నారు కదా, ఏళ్లు గడిచినా ఎందుకు రాలేదు?’’ అన్నది రెండో ప్రశ్న. సభలో మాట ఇవ్వగానే పేషీ దాన్ని హామీగా నమోదు చేసి శాఖకు పంపుతుంది. అక్కడి నుంచి ఇంజినీర్లు అంచనా వేయాలి. ఆర్థిక శాఖ సరేననాలి. పరిపాలనా అనుమతి జీవో రావాలి. తర్వాత సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం. అడవి అడ్డొస్తే అటవీ అనుమతి కూడా కావాలి. మన్యం అంచున ఉన్న మన మండలంలో ఇది చిన్న విషయం కాదు. పేషీ చేయగలిగింది ఏ మెట్టు మీద ఆగిందో అడగడం, కదలమనడం. కాబట్టి మీరు అడగాల్సింది కూడా ‘రోడ్డెప్పుడు’ అని కాదు, ‘పరిపాలనా అనుమతి జీవో నంబరెంత’ అని. నంబరు లేకపోతే ఆ రోడ్డు ఇంకా మాటగానే ఉన్నట్టు.

పేషీ స్వయంగా చూసే పని ఒకటుంది, ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆసుపత్రి బిల్లులు, ఆధార్, బ్యాంకు వివరాలతో అర్జీ, సాధారణంగా ఎమ్మెల్యే సిఫార్సు లేఖతో వెళుతుంది. మోసగాళ్ల కన్ను ఆ నిధి మీదా పడింది. 2020లో ఈ నిధి పేరుతో 117 కోట్ల రూపాయలకు పైగా విలువైన నకిలీ చెక్కులు వేరే రాష్ట్రాల బ్యాంకుల్లో బయటపడ్డాయి.

ఇక అర్జీ దగ్గరికి వద్దాం. పైకి అర్జీ పెట్టే దారి ఎందుకు ఉండాలో ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది. గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను తర్వాత ఆయన దళం ఆయుధాలు పట్టుకుపోయిన పోలీసు స్టేషను కూడా కృష్ణదేవిపేటదే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలి ఇవ్వకుండా మన్యం జనంతో రోడ్డు పనులు చేయించిన కాలమది. కింది అధికారి చేసిన దానిని పైవాడు అడగని పాలన ఎలా ఉంటుందో ఈ నేలకు తెలుసు. ముఖ్యమంత్రి కార్యాలయం అవసరం అక్కడే ఉంది. తహసీల్దారు పని తాను చేయడానికి కాకుండా, తహసీల్దారు ఎందుకు చేయలేదో అడగడానికి.

కనుక తిరిగి వచ్చిన అర్జీని వదిలేయకండి. పైనుంచి వచ్చిన కాగితానికి గడువు ఉంటుంది, జవాబు రాయక తప్పదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినా, వెలగపూడిలో ఇచ్చినా సర్వే నంబరు, మొదట అర్జీ పెట్టిన తేదీ, రసీదు నంబరు, ఎక్కడ ఆగిందన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. ‘పరిష్కరించాం’ అని ఫోనుకు మెసేజ్ వస్తే అంతటితో ఊరుకోకుండా రాతపూర్వక ఉత్తర్వు అడగండి. కుదరదన్నా సరే, కారణంతో రాసి ఇమ్మనండి. ఆ కాగితం చేతిలో ఉంటేనే నర్సీపట్నం ఆర్డీఓ దగ్గర మీ అప్పీలు మొదలవుతుంది.