మునిగిన ఓడలోని సీసము

క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో సీసపు దిమ్మెలతో నిండిన రోమను ఓడ యొకటి సార్డీనియా ద్వీపము చెంత సముద్రమున మునిగిపోయెను. దిమ్మె యొక్కొక్కటి సుమారు 33 కిలోగ్రాముల బరువు. రెండువేల యేండ్లు ఆ సీసము నీటి యడుగున పడియుండెను. 2010వ సంవత్సరమున అందలి 120 దిమ్మెలు ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలకు చేరినవి. పురావస్తుశాలలో నుండదగిన వస్తువుతో అచటివారికేమి పని యని మీరడుగవచ్చును.

ఇటలీలో గ్రాన్ సాస్సో యను పర్వతము క్రింద, సుమారు 1400 మీటర్ల రాతి చాటున ఆ ప్రయోగశాల కలదు. అందు ‘క్వోరే’ యను ప్రయోగము 2017లో ప్రారంభమైనది. టెల్లూరియము అను మూలకమునందలి కొన్ని పరమాణువులు మిక్కిలి అరుదుగా క్షయమునొంది, రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రతి-న్యూట్రినోలను వెలువరించును. ఎలక్ట్రాన్లు మాత్రమే వెలువడు క్షయము కూడ కలదా యనునదే ప్రశ్న. కలదని తేలినచో న్యూట్రినోకును దాని ప్రతికణమునకును భేదము లేదన్నమాట. ఇట్టి కణములుండవచ్చునని 1937లో ఎట్టోరె మయొరానా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు సూచించెను.

ఈ వెదకులాటకై టెల్లూరియముతో చేసిన 988 స్ఫటికములను అమర్చిరి. ఒక్కొక్కటి ఐదు సెంటీమీటర్ల ఘనము. లోపల క్షయము జరిగినచో స్ఫటికము వేడెక్కవలెను. కాని ఆ శక్తి యత్యల్పము. సాధారణ స్థితిలోనున్న స్ఫటికమున దాని జాడయే తెలియదు. మిక్కిలి చల్లబడిన స్ఫటికమునకైతే అంతటి శక్తియే చాలును. డిగ్రీలో రెండుమూడు పదివేలవ వంతులు వేడెక్కును. కావున దానిని పరమశూన్యమునకు, అనగా సున్నకు దిగువ 273 డిగ్రీలకు, డిగ్రీలో నూరవవంతు దూరమువరకు చల్లబరచుదురు.

అదెట్లు? వేసవిలో మట్టికుండ చెమర్చి, ఆవిరియగు నీరు కుండలోని వేడిని కొనిపోవుట మీరెరుగుదురు. ఇచటను ఇంచుమించు అదియే ఉపాయము. రెండువిధముల హీలియము కలిసిన ద్రవమున తేలికపాటి హీలియము ఒక పొరనుండి వేరొక పొరలోనికి పోవునపుడు వేడిని గ్రహించును. ఒకదానిలో నొకటిగా అమర్చిన ఆరు పాత్రల నడిమిదానిలో స్ఫటికము లుండును. వెలుపలి పాత్రకు గది వేడి. లోనికి పోయినకొలది చలి హెచ్చును.

చల్లబరచినంత మాత్రమున పని తీరదు. ఆకాశమునుండి వచ్చు కణములను కొండ చాలవరకు ఆపును గాని, చుట్టునున్న రాతినుండియే కిరణములును న్యూట్రాన్లును వచ్చును. స్ఫటికమును తాకి అవియు దానిని వేడిచేయును. నిజమేదో భ్రమయేదో తెలియకపోవును. కిరణములకు సీసము మంచి అడ్డు. న్యూట్రాన్లకు కాదు. గోలీ బండకు తగిలినచో వేగము తగ్గకయే వెనుకకెగురును; మరియొక గోలీకి తగిలినచో తన వేగమును దానికిచ్చి నిలిచిపోవును. న్యూట్రానుతో సమానమైన బరువుగలది హైడ్రోజను కేంద్రకము. అందుచేత హైడ్రోజను మెండుగాగల పాలిథీన్ పలకలను 18 సెంటీమీటర్ల మందమున వెలుపల నిలిపిరి. అచట మందగించిన న్యూట్రాన్లను లోపలి బోరిక్ ఆమ్లపు పొడి మ్రింగును. మీరు కేరమ్ బల్లపై చల్లు పొడియే యది! అపుడు పుట్టు కిరణములను దాని లోపలనున్న 25 సెంటీమీటర్ల సీసపుగోడ ఆపును. ఈ వరుస తారుమారైనచో ఇంత చక్కగా పనిచేయదు.

ఇక చిక్కంతయు సీసముతోనే. కొత్త సీసమున 210 భారముగల సీసము కొంత కలిసియుండి, తానే కిరణములను వెలువరించును. ఇరువదిరెండేండ్ల కొకసారి అది సగమగును. రెండువేల యేండ్లకు ఇంచుమించు శూన్యమగును. కావుననే స్ఫటికములకు సమీపమున రోమను సీసము కావలసివచ్చెను. ఆ కవచము 6 సెంటీమీటర్ల మందము. అయితే లోపలనున్నది గనుక దానిని కూడ సున్నకు దిగువ 269 డిగ్రీలకు చల్లబరుపవలెను. కవచము దగ్గరయైనకొలది రక్షణ మేలు, శీతలయంత్రమునకు భారమెక్కువ. ఇట్లు చల్లబరుపవలసిన సామగ్రి సుమారు పదునైదు టన్నులు.

చరిత్రగల వస్తువును కరిగింపవచ్చునా యని పురాతత్త్వజ్ఞులు కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఓడలోని సామగ్రిని వెలికితీయుటకు భౌతికశాస్త్రజ్ఞుల సంస్థయే ధనసహాయము చేసియుండెను. అక్షరములు చెక్కియున్న భాగములను కోసి భద్రపరచి, మిగిలినదానినే కరిగించిరి. ఈ ఒడంబడిక నాకు సమంజసముగనే తోచుచున్నది.

2022లో ప్రకటించిన ఫలితములలో వారు వెదకిన క్షయము కానరాలేదు. ఉన్నచో దాని అర్ధాయువు, రెండు ప్రక్కన ఇరువదియైదు సున్నలు చేర్చిన సంఖ్యకు మించిన యేండ్లని మాత్రము తేలినది.