మూడో కిలోవాట్ లెక్క

ఇంటి డాబా మీద సౌర ఫలకాలు పెట్టించడం లాభసాటి అవునో కాదో తేల్చుకోవాలంటే ముందుగా చూడవలసింది ఆ ఇంటి కరెంటు బిల్లు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధరను మెట్లు మెట్లుగా పెంచే శ్లాబు పద్ధతి అమలులో ఉన్న తెలుగు రాష్ట్రాలలో, సూర్యరశ్మి ఆదా చేసే యూనిట్ ఏ మెట్టుదన్న దాన్ని బట్టే పెట్టుబడి ఎంత త్వరగా తిరిగివస్తుందో నిర్ణయమవుతుంది.

ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు వంద చదరపు అడుగుల స్థలం కావాలి; అవి సగటున రోజుకు నాలుగు, అంటే నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తాయి. పగలు ఇంట్లో వాడగా మిగిలిన విద్యుత్తు గ్రిడ్‌కు, అంటే ఊరి విద్యుత్ లైన్లకు వెళ్తుంది, రాత్రికి కావలసింది అక్కడి నుంచే వస్తుంది. ఈ రాకపోకలు రెండింటినీ కొలిచి, తేడాకే బిల్లు వేసే ఏర్పాటును నెట్ మీటరింగ్ అంటారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి రూ.30,000, మూడో దానికి రూ.18,000 రాయితీ ఇస్తుంది. ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా రాయితీ రూ.78,000 దాటదు.

తెలంగాణలో నెలకు 400 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుంటే, 200 యూనిట్లు దాటిన ఇళ్లకు వర్తించే ధరల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి నూరింటికి 7.70, ఆ పై నూరింటికి 9 రూపాయల చొప్పున స్థిర చార్జీలు కాక బిల్లు రూ.2,690 అవుతుంది. రెండు కిలోవాట్ల ఫలకాలు 240 యూనిట్లు తగ్గిస్తే మిగిలిన 160 యూనిట్లకు చౌక ధరల తరగతి వర్తించి బిల్లు రూ.628కి దిగుతుంది, అంటే నెలకు రెండు వేలకు పైగా మిగులుతుంది. కిలోవాట్‌కు రూ.60,000 ఖర్చనుకుంటే, రాయితీ పోగా పెట్టిన అరవై వేలు రెండున్నరేళ్లలో తిరిగివస్తాయి. అదే ఇల్లు మూడో కిలోవాట్ కూడా పెట్టిస్తే అదనంగా మిగిలేది నెలకు సుమారు 550 రూపాయలే కాబట్టి, దానికి పెట్టిన రూ.42,000 రాబట్టడానికి ఆరేళ్లు దాటుతుంది. అమ్మకందారులు పెద్ద వ్యవస్థనే సిఫారసు చేసినప్పుడు ఇంటివారు ఈ చివరి కిలోవాట్ లెక్కను విడిగా అడిగి తీరాలి. వాడకాన్ని మించి పండిన యూనిట్లకు విద్యుత్ పంపిణీ సంస్థ చెల్లించే ధర పైమెట్టు ధరకంటే బాగా తక్కువ.

తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితంగా పొందుతున్న కుటుంబానికి ఆదా చేసుకోవడానికి బిల్లే లేదు గనుక సొంత డబ్బు పెట్టవలసిన అవసరం కనిపించదు.

డాబా పరిస్థితి కూడా ఈ అంకెలను మారుస్తుంది. ఫలకాలను సాధారణంగా ఒకే వరుసగా కలుపుతారు కాబట్టి నీళ్ల ట్యాంకు నీడో, పక్కింటి కొబ్బరిచెట్టు నీడో ఒకదాని మీద పడినా మొత్తం వరుస ఉత్పత్తి దెబ్బతినవచ్చు. ఎండ ఎక్కువైతే ఉత్పత్తి కూడా ఎక్కువే అన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు: ఫలకం 25 డిగ్రీలకంటే వేడెక్కే ప్రతి డిగ్రీకి దాని శక్తి సుమారు ఒక శాతంలో మూడో వంతు చొప్పున పడిపోతుంది, కనుక రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఆ నష్టం పది శాతం దాటుతుంది. దుమ్ము కడగడం తప్పనిసరి. ఫలకాలకు సాధారణంగా పాతికేళ్ల హామీ ఉన్నా, వాటి విద్యుత్తును ఇంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఇన్వర్టర్ అంతకాలం మన్నదు. మధ్యలో ఒకసారైనా మార్చవలసివస్తుందని ఆ ఖర్చును మొదట్లోనే లెక్కలో వేసుకోవాలి.

చాలామంది కొనుగోలుదారులకు ముందుగా ఎవరూ చెప్పని విషయం మరొకటి ఉంది. గ్రిడ్‌తో కలిసి పనిచేసే మామూలు వ్యవస్థ, లైన్ల మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం జరగకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నమైనా ఫ్యాను తిరగదు. కోతలున్న పల్లెల్లో అది తిరగాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ కావాలి. వాటి ధర కలిపితే పెట్టుబడి తిరిగివచ్చే గడువు పెరుగుతుంది. ఆ అదనపు ఖర్చును ఆదా లెక్కలో కలపకుండా, కోతల వేళ వెలుగుకు చెల్లించే మూల్యంగా వేరే పద్దులో రాసుకోవడమే సరైనది.