పసుపు మెరుపు వెనుక సీసం మరక

తెనాలి: గడపకు పసుపు, పెళ్లికూతురి పాదాలకు పసుపు, వేలు తెగితే పసుపు, పప్పులో పసుపు. పసిబిడ్డ నలుగు మొదలుకొని మన ఇళ్లలో పసుపు తగలని రోజంటూ లేదు. తెనాలి నుంచి విజయవాడ పోయే రైల్లో దుగ్గిరాల దగ్గర పడేసరికి, తవ్వకాల రోజుల్లో గాలి కూడా పసుపు వాసన వేస్తుంది. అటువంటి పసుపు బిడ్డల మెదడుకు చేటు చేసే సరుకుగా మారవచ్చునని ఎవరైనా అంటే ముందు కోపం వస్తుంది. ఈ విలేకరికీ వచ్చింది.

కాని తప్పు పసుపుది కాదు. దాని మీద పూసే రంగుది.

ఆ రంగు పేరు సీసపు క్రోమేటు. బస్సులకు, గేట్లకు, రోడ్ల మీద గీతలకు వేసే పసుపు రంగు తయారీలో వాడుతూ వచ్చిన పొడి. దాని బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా సీసమే. మిగిలిన దానిలో వున్న క్రోమియం కూడా కాన్సరు తెచ్చే రకానిది. కొద్దిపాటి పొడి చల్లితే చాలు, వెలవెలబోయిన కొమ్ము బంగారంలా మెరుస్తుంది.

బంగ్లాదేశ్‌లో దొరికిన దొంగ

ఈ సంగతి పైకి వచ్చిన తీరు అపరాధ పరిశోధన కథను తలపిస్తుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో 430 మంది గర్భిణుల రక్తం పరీక్షించగా దాదాపు మూడో వంతు మందిలో సీసం ఎక్కువగా వున్నట్టు తేలింది. అవి ఫ్యాక్టరీలు లేని ఊళ్లు, కార్లు తిరగని దారులు. మరి సీసం ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఢాకా శాస్త్రవేత్తలతో కలిసి వెతకటం మొదలుపెట్టారు. పురుగుమందుల్ని అనుమానించారు. తిండి డబ్బాల అతుకుల్ని అనుమానించారు. మట్టిని, బియ్యాన్ని కూడా చూశారు.

సీసంలోనూ రకాలున్నాయి. ఒక గనిలో పుట్టిన సీసానికి, మరో గనిలో పుట్టిన దానికి అణువుల బరువుల పాళ్లలో తేడా వుంటుంది. వేలిముద్ర వంటిదన్న మాట. గర్భిణుల రక్తంలోని సీసం వేలిముద్రను, ఇంట్లో దొరికిన వస్తువుల వేలిముద్రలతో పోల్చి చూశారు. పసుపుతో సరిపోయింది. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

తరువాత పరిశోధకులు పసుపు పండే జిల్లాలకు వెళ్లి రైతులతో, మిల్లుల వారితో, టోకు వ్యాపారులతో మాట్లాడారు. రంగు కలుస్తున్నది పొలంలో కాదు, కొమ్ములకు పాలిషు పట్టే మిల్లుల్లో అని తెలిసింది. ఈ అలవాటు ఎప్పుడు వచ్చిందని అడిగితే వచ్చిన జవాబు మన ప్రాంతం వారు ఒకటికి రెండుసార్లు చదవదగినది. 1980లలో పెద్ద వరద వచ్చి పసుపు తడిసి రంగు పోయిందట. రంగు పోయిన సరుకును ఎవరూ కొనలేదు. అప్పుడు ఎవరికో ఈ పొడి తట్టింది. ఆ ఏడు గడిచిపోయింది గాని అలవాటు మాత్రం నిలిచిపోయింది.

వరద మనకు కొత్తా?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక గ్రామాలు ఏమయ్యాయో అందరం చూశాం. పసుపు, అరటి, కంద తోటలు నీళ్లలో నిలిచాయి. అంతకు ముందు ఏడు, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీళ్లలో నానిన పసుపు దుంప కుళ్లుతుంది. కుళ్లకుండా మిగిలినదానికీ రంగు తగ్గుతుంది. రంగు తగ్గితే ధర తగ్గుతుంది.

పసుపు రైతు కష్టం తెలియని వారి కోసం రెండు ముక్కలు. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో పది పదిహేను రోజులు ఎండబెడతారు. అప్పుడు కూడా కొమ్ము మట్టిరంగులో, గరుకుగా, వేళ్లతోనే వుంటుంది. దాన్ని ఇనుప డ్రమ్ములో పోసి గిరగిరా తిప్పితే పై పొట్టు రాలి నునుపు తేలుతుంది. ఆఖరి తిప్పుడులో పసుపు పొడినే నీళ్లలో కలిపి చిలకరించటం పాత పద్ధతి. అందులో తప్పేమీ లేదు. పసుపుకు పసుపు పూయటమే కదా. ఆ చిలకరించే నీళ్లలో పసుపు పొడికి బదులు మరొకటి కలిస్తేనే ప్రమాదం.

దుగ్గిరాల యార్డుకు వచ్చే సరుకులో ఈ కల్తీ వున్నదని ఈ వ్యాసం చెప్పటం లేదు. పసుపు వ్యాపారంలో నిజామాబాద్‌తో పాటు చెప్పుకునే పేరు దుగ్గిరాలది. ఆ పేరు వెనుక వేలాది కుటుంబాల కష్టం వుంది. అయితే కొనేవాడు మెరుపుకు ధర కట్టినంత కాలం, మెరుపు తెచ్చే దొడ్డిదారి ఎవరినో ఒకరిని ఊరిస్తూనే వుంటుంది. ఆ కొనేవాడు ఉత్తరాది వ్యాపారి ఒక్కడే కాదు. సంచీ పట్టుకుని సంతకు వెళ్లే మనం కూడా. మా అమ్మ నన్ను ఏళ్ల తరబడి, "పచ్చగా మెరిసేవి ఏరుకురారా, ఆ మాసినవి వద్దు" అనే పంపింది.

పొరుగు రాష్ట్రాల సంగతి

ఇండియా, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకలలోని 23 నగరాల నుంచి 356 పసుపు నమూనాలు సేకరించి పరీక్షించిన ఫలితాలు 2024లో ప్రకటించారు. వాటిలో 14 శాతం నమూనాల్లో కిలోకు 2 మిల్లీగ్రాములకు మించి సీసం వుంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకు 10 మిల్లీగ్రాములు. పాట్నాలో దొరికిన ఒక నమూనాలో ఎంత వుందో తెలుసా? కిలోకు 2 గ్రాములకు పైనే. అంటే హద్దుకు రెండు వందల రెట్లు దాటిపోయింది. సీసం బాగా ఎక్కువగా వున్న నమూనాల్లో దానికి సరిజోడుగా క్రోమియం కూడా కనిపించింది. రెండూ అలా జంటగా వున్నాయంటే పొలం మట్టి నుంచి వచ్చినవి కావనీ, రంగు పొడి నుంచి వచ్చినవేననీ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

జ్వరం రాదు, దద్దురు రాదు

ఎండ్రిన్ తాగితే మనిషి గంటల్లో పోయేవాడని మన జిల్లాల్లో ముసలివారు చెబుతారు. సీసం అలా చంపదు. జ్వరం రాదు, దద్దురు లేవదు, నాలుకకు రుచి తెలియదు. ఒంట్లోకి పోయి కాల్షియంలా నటిస్తుంది. ఎముక దాన్ని తనదే అనుకుని దాచుకుంటుంది. ఏళ్ల తరబడి అక్కడే వుంటుంది. ఆడపిల్లగా వున్నప్పుడు చేరిన సీసం, ఆమె గర్భవతి అయినప్పుడు ఎముక నుంచి కదిలి రక్తంలోకి దిగుతుంది. అక్కడి నుంచి కడుపులో బిడ్డకు పోతుంది.

పెద్దవారికి రక్తపోటు, మూత్రపిండాల జబ్బు. పిల్లలకు మెదడు ఎదుగుదల తగ్గటం. ఒకే మోతాదు సీసాన్ని పెద్దవారికంటే పసిపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదంటూ లేదని కూడా ఆ సంస్థే చెబుతున్నది. రక్తంలో ఇనుము తక్కువైన వారికి సీసం మరింత తేలికగా ఎక్కుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత వున్నట్టు 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. ఈ రెండు ముక్కలూ కలిపి చదువుకోవాలి.

పిల్లల చదువుకూ సీసానికీ లంకె పెట్టి చూపిన వారిలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా వైద్యుడు ముఖ్యుడు. ఆయన చేసిన పని చాలా తేలిక. బోస్టన్ దగ్గరి బడిపిల్లల ఊడిన పాలపళ్లు పోగుచేయించారు. మనం పారేసే పళ్లే. పంటిలో సీసం ఎక్కువగా వున్న పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారు. క్లాసులో కుదురుగా కూర్చోలేకపోతున్నారని వారి టీచర్లు కూడా రాశారు. సీసం ఎక్కువని ఆ టీచర్లకు తెలియదు. 1979లో అచ్చయిన ఈ పరిశోధన మీద పెద్ద రభసే జరిగింది. పెట్రోలులో సీసం కలపటం మానెయ్యాలన్న వాదానికి బలం చేకూర్చిన వాటిలో అదొకటి. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000లో గాని రాలేదు. అయినా 2020లో యూనిసెఫ్ వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం హద్దు దాటి వుంది. పెట్రోలు పోయింది, సీసం పోలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెలు కనిపించాయి. తరువాత పురుగుమందుల అవశేషాల మీదకే అనుమానం ఎక్కువగా మళ్లింది. అది వేరే కథ. సీసం అనే మాట మాత్రం ఆ వారం రోజులూ మన టీ కొట్లలో కూడా వినబడింది.

పసుపు ఒక్కటే కాదని కూడా చెప్పాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేటప్పుడు తగరం ఖరీదని అందులో సీసం కలిపే వారుంటారు. పెచ్చులూడే పాత గోడ రంగుల్లో సీసం వుంటుంది. నిజాంపట్నం, రేపల్లె తీరంలో వలల అంచులకు కట్టే సీసపు గుళ్లు ఇంట్లో కరిగిస్తే ఆ పొగ, బూడిద పొయ్యి దగ్గరి పిల్లలకే ముందు తగులుతాయి.

గ్లాసుడు నీళ్ల పరీక్ష

ఇంట్లో చూసుకునే వీలు కొంత వుంది. గాజుగ్లాసులో నీళ్లు పోసి కొమ్ము వెయ్యండి. మంచి కొమ్ము వెంటనే రంగు వదలదు. పైన రంగు పూసినదైతే వేసీ వెయ్యగానే నీళ్లు పచ్చబడతాయి. ఆహార భద్రతా సంస్థ చెప్పిన పద్ధతే ఇది. బాగా రంగు పూసిన సరుకును ఇది పట్టిస్తుంది. కొద్దిపాటి కల్తీ మాత్రం దీనికి దొరకదు. పొడి అయిపోయిన తరువాత కంటితో తేల్చటం ఇంకా కష్టం. అందుకే కొమ్ములు కొని మరలో పట్టించుకోవటం మేలు.

అసలు పరీక్ష యంత్రానిదే. బంగ్లాదేశ్ అధికారులు తుపాకి ఆకారంలో వుండే ఎక్స్‌రే పరికరం పట్టుకుని మార్కెట్లకు వెళ్లారు. కొమ్ముల మీద ఆనిస్తే నిమిషాల్లో సీసం లెక్క చెబుతుంది. పట్టుబడిన వ్యాపారుల సరుకు జప్తు చేసి జరిమానా వేశారు. ఆ వార్త పేపర్లలో, టీవీల్లో మోగింది. ఫలితం చూడండి. 2019లో అక్కడి మార్కెట్లలో 47 శాతం నమూనాల్లో సీసం దొరికితే, 2021 నాటికి ఒక్కదానిలోనూ దొరకలేదు. మిల్లు కూలీల రక్తంలో సీసం 30 శాతం దాకా తగ్గింది. రెండేళ్లలో జరిగిన పని ఇది. పెద్ద ఫ్యాక్టరీ కట్టింది లేదు, కొత్త మందు కనిపెట్టింది లేదు.

ఆ పని చెయ్యటానికి మన దగ్గర కావలసినవన్నీ చేరువలోనే వున్నాయి. సరుకంతా ఒకచోటికి వచ్చే యార్డు దుగ్గిరాలలో వుంది. ఎగుమతి సరుకును పరీక్షించే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులో వుంది. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల, దానికి తోడు ఆహార సాంకేతిక కళాశాల వున్నాయి. 2022లో జిల్లాలు విడిపోయి తెనాలి, దుగ్గిరాల గుంటూరులోను, కొల్లూరు, రేపల్లె బాపట్లలోను పడ్డాయి గనుక ఇద్దరు కలెక్టర్లూ మాట్లాడుకోవలసి వుంటుంది. తుఫాను ఏడాదిలో, రంగు తగ్గిన సరుకు వచ్చే నెలల్లో, యార్డులోనూ పాలిషు మిల్లుల్లోనూ ఆ తుపాకి పరికరం తిరగాలి. విదేశాలకు పోయే పసుపుకు వున్న పరీక్ష మన తెనాలి గంగానమ్మపేట కిరాణా కొట్టు పసుపుకు ఎందుకు వుండకూడదు? పరీక్ష నెగ్గిన లాటుకు చీటీ కడితే రైతుకే లాభం. మాసిన రంగు చూసి బేరం తగ్గించే వ్యాపారికి ఆ చీటీ చూపించవచ్చు.

మొన్న ఈ విలేకరి కొల్లిపర వైపు ఒక రైతు కళ్లం నుంచి పాలిషు పట్టని కొమ్ములు రెండు కిలోలు తెచ్చాడు. మట్టిరంగులో, వేళ్లతో వున్నాయి. మా అమ్మ చూసి, "ఎవరు అంటగట్టార్రా నీకు?" అంది. గ్లాసులో ఒక కొమ్ము వేసి చూపించాను. నీళ్లు తేటగానే వున్నాయి. మాట్లాడకుండా రోట్లో ఒకటి చితక్కొట్టి లోపలి రంగు చూసుకుంది. ఇప్పుడవి డాబా మీద ఎండుతున్నాయి. సోమవారం మరకు పంపాలి.