నల్లరేగడి లాంటి తెర

నల్లరేగడి చేలో విచ్చిన పత్తికాయ అంత తెల్లగా మెరవడానికి సగం కారణం దాని వెనక ఉన్న నేల నలుపే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఇది కళ్ళారా తెలిసిన సంగతి. టీవీ కొనడానికి దుకాణంలో అడుగు పెట్టగానే మాత్రం దీన్ని మరిచిపోతాం. ఏ తెర ఎక్కువ వెలుగుతుంటే దాని దగ్గరే ఆగిపోతాం. ఇంట్లో సినిమా చూడటానికి ఏ టీవీ మంచిదో తెలియాలంటే ప్లాస్మా టీవీ కథ వినాలి.

అది పుట్టింది సినిమా కోసం కాదు, చదువు కోసం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 'ప్లేటో' అనే కంప్యూటర్ పాఠాల వ్యవస్థ ఉండేది. ఆనాటి పిక్చర్ ట్యూబు మీద బొమ్మ నిలవాలంటే దాన్ని క్షణక్షణం మళ్ళీ గీస్తూ ఉండాలి. అందుకు కావలసిన మెమరీ అప్పట్లో చాలా ఖరీదు. ఒకసారి వెలిగిస్తే, ఆర్పేదాకా వెలుగుతూనే ఉండే చుక్కలు దొరికితే ఆ ఖర్చు తప్పుతుంది. 1964లో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, పరిశోధక విద్యార్థి రాబర్ట్ విల్సన్ కలిసి అలాంటి చుక్కను తయారుచేశారు. గాజుపలకల మధ్య బంధించిన వాయువులోకి కరెంటు పంపితే అది వెలిగింది. తర్వాత వచ్చిన ప్లేటో ప్లాస్మా తెరలు నియాన్ కాంతితో నారింజ రంగులో మెరిసేవి.

రంగుల ప్లాస్మా తెర పనిచేసే తీరు మన ఇంటి పాతరకం ట్యూబ్‌లైటులో ఉంది. ట్యూబ్‌లైటులో పాదరసపు ఆవిరి కంటికి కనపడని అతినీలలోహిత కాంతినిస్తుంది. గొట్టం లోపల పూసిన ఫాస్ఫర్ పొడి దాన్ని తెల్లని వెలుగుగా మారుస్తుంది. ప్లాస్మా టీవీలో పాదరసం బదులు నియాన్, జినాన్ వాయువులుంటాయి. పొడవాటి గొట్టం బదులు కంటికి ఆనని బుల్లి గదులుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గదులు మూడు కలిస్తే ఒక చుక్క. ఫుల్ హెచ్‌డీ తెరలో అలాంటి గదులు 62 లక్షలకు పైనే. ఏ గదీ సగం వెలగదు. ఎన్నిసార్లు మెరిసిందన్న దాన్నిబట్టే కంటికి ఛాయ తోస్తుంది.

1992లో ఫుజిట్సు 21 అంగుళాల రంగుల తెరను తెచ్చింది. 1997లో 42 అంగుళాల ప్లాస్మా టీవీలు మార్కెట్లోకి వచ్చాయి. ఫిలిప్స్ టీవీ ధర అప్పట్లో సుమారు 15 వేల డాలర్లు.

సినిమా ప్రేమికులు ప్లాస్మాను అంతగా ఎందుకు ఇష్టపడ్డారో మన సినిమాతోనే చెప్పవచ్చు. తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1974లో 'అల్లూరి సీతారామరాజు'ను తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా తీశారు. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. నేటి టీవీ తెర వెడల్పు 1.78 రెట్లే. బొమ్మ కత్తిరించకుండా చూపిస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, తెరలో దాదాపు పావు వంతు. మామూలు ఎల్‌సీడీ తెర వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తలుపు మూసినా సందుల్లోంచి వెలుగు కారినట్టు, ఆ పట్టీలు బూడిదరంగులోకి దిగుతాయి. ప్లాస్మాలో ఆ గదులు దాదాపు ఆరిపోతాయి. 2007లో పయొనీర్ ఆ మిగిలిన కాస్త మెరుపునూ తగ్గించి 'కురో' టీవీలు తెచ్చింది. కురో అంటే జపాను భాషలో నలుపు. మంచంమీద ఓ పక్కగా కూర్చున్న తాతయ్యకూ, ఎదురుగా చాపమీద ఉన్న పిల్లలకూ ఒకే బొమ్మ కనపడటం ప్లాస్మా మరో గొప్ప.

లోపాలూ ఉన్నాయి. తెరనిండా తెల్లటి పత్తిచేను వస్తే గదులన్నీ ఒక్కసారే వెలగాలి. కరెంటు వాడకం హద్దు దాటకుండా టీవీ తనే వెలుగు తగ్గించుకుంటుంది. రోళ్ళు పగిలే రోహిణి ఎండల్లో దాని వేడి గదికి మరో భారం. వార్తల ఛానెల్ చిహ్నం నెలల తరబడి ఒకేచోట నిలిస్తే అక్కడి ఫాస్ఫర్ అరిగి మచ్చ పడుతుంది. పాత ప్లాస్మా కొనేవాళ్ళు తెరనిండా ఒకే లేత రంగు పెట్టించి ఆ మచ్చ వెతకాలి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ దుకాణంలో తగిలింది. బారులు తీరిన దీపాల కింద ఎల్‌సీడీ ధగధగలాడితే ప్లాస్మా వెలవెలబోయింది. చీకటిగదిలో గెలిచే యంత్రానికి పట్టపగటి వెలుగులో పరీక్ష పెట్టాం. ఎల్‌సీడీ చవకైంది, తేలికైంది, కరెంటూ తక్కువ తాగింది. 2013 చివర్లో పానాసోనిక్, 2014లో శామ్‌సంగ్, ఎల్‌జీ ప్లాస్మా తయారీ ఆపేశాయి.

చుక్క తనంతట తాను వెలగడం, తనంతట తాను ఆరిపోవడం అనే గుణం ఇప్పుడు ఓఎల్ఈడీ తెరల్లో బతికే ఉంది. ఈసారి ఏ రకం టీవీ కొన్నా సరే, దుకాణంలో దీపాలు తగ్గించమని అడగండి. స్కోప్ సినిమాలో ఒక రాత్రి దృశ్యం పెట్టించి నల్లపట్టీలు చూడండి. పక్కకు జరిగి మళ్ళీ చూడండి. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల బొమ్మ దొరికితే కాయకూ కాయకూ ఎరుపులో తేడా తెలుస్తోందో లేదో గమనించండి. అంతా ఒకే ఎర్రముద్దగా ఉంటే రంగు పెంచి చూపిస్తున్నారన్నమాట.

కౌలుకు పొలం తీసుకునే రైతు ముందు మట్టిని చేత్తో నలిపి చూస్తాడు. టీవీ కొనేవారు కూడా ముందు నలుపును చూడాలి.