దారితప్పిన పార్సిల్: అపోహలు – వాస్తవాలు

మిక్సీకి ఆర్డర్ పెడితే కుక్కర్ వస్తుంది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల ఫోను మన గుమ్మంలో దిగుతుంది. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "తప్పు వాళ్లది, ఉంచేసుకుందాం" అని ఒకరంటారు. "లేనిపోని గొడవ, మనమే కొరియర్ చేసి పంపేద్దాం" అని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటు మాటలే. వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండోది. కంపెనీ పొరపాటుకు ఒక పెద్దావిడ ఆటో మాట్లాడుకుని పెట్టె మోసుకెళ్లాల్సిన అవసరం ఏమిటి?

అపోహ: ఇంటికొచ్చిందంటే మనదే.

వాస్తవం: కాదు. పొరపాటున చేతికందినది డబ్బయినా, వస్తువైనా తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. "ఉంచేసుకోవచ్చట" అనే మాటకు బలమిచ్చింది అమెరికా చట్టం. అడగని సరుకు పంపి, ఆనక బిల్లు కట్టమని వేధించే వ్యాపారులను కట్టడి చేయడానికి అక్కడ 1970లో చట్టం తెచ్చారు. అలా తపాలాలో పంపిన సరుకును బహుమతిగా ఉంచుకోవచ్చు. అక్కడున్న పిల్లలు ఫోనులో చెప్పిన ఆ సంగతిని హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పొరపాటు డెలివరీకి వర్తింపజేయలేం. పరాయి వస్తువని తెలిసీ దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద 6 నెలలకు తగ్గకుండా 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు.

అపోహ: తిరిగి చేర్చాల్సింది మనమే, ఖర్చూ మనదే.

వాస్తవం: మన ఆర్డర్‌లోనే వేరే వస్తువు వస్తే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 43వ సెక్షన్ స్పష్టంగా ఉంది. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, న్యాయంగా తిరస్కరించిన సరుకును కొన్నవాళ్లు వెనక్కి చేర్చనక్కర్లేదు. "ఇది నాకు వద్దు" అని తెలియజేస్తే సరిపోతుంది. వేరే ఒప్పందం ఉండే వీలుంది కాబట్టి ఆర్డర్ షరతులు ఒకసారి చదువుకోవాలి. ఇతరుల పార్సిల్ వస్తే ఈ సెక్షన్ కాదు, పైన చెప్పిన 72 వర్తిస్తుంది. ఇచ్చేయాలనే అది చెబుతుంది తప్ప, రవాణా ఖర్చు మీరే పెట్టుకోవాలని అందులో లేదు. సంగతి చెప్పి, పికప్‌కి వచ్చినవాళ్లకు అప్పగించండి.

కానీ చెప్పడం మాత్రం మన పనే. తగిన వ్యవధిలో తిరస్కరించకుండా అట్టిపెట్టుకుంటే సరుకును అంగీకరించినట్టేనని సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్ అంటుంది. పెట్టె తెరిచిన రోజే ఫొటోలు తీసి, చిరునామా చీటీ కూడా కనిపించేలా యాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి. ఫోనులో చెబితే కంప్లైంట్ నంబరు రాసుకోండి.

అపోహ: వాళ్లొచ్చేదాకా వాడుకుంటే తప్పేముంది?

వాస్తవం: 750 వాట్ల మిక్సీ అడిగితే 500 వాట్లది వచ్చిందనుకోండి. సరైనదో కాదో పరీక్షించి చూసుకునే హక్కు మీకుంది. వారం రోజులు దాంట్లోనే పచ్చళ్లు రుబ్బితే మాత్రం, అది మీ సొంతమన్నట్టు నడుచుకున్నారని అంగీకారం కింద లెక్కగట్టే వీలుంది. ఆపైన తిరస్కరించడం కష్టం.

అపోహ: పికప్‌కి రాకపోతే పారేయొచ్చు.

వాస్తవం: ఇన్ని రోజులు దాటితే సరుకు మీదే అవుతుందని నేను చెప్పిన ఈ రెండు పాత చట్టాల్లో ఎక్కడా లేదు. అలాగని ఏళ్ల తరబడి మంచం కింద దాచి కాపలా కాయమనడం అన్యాయం. అప్పగింతలో ఉన్న వస్తువును, సాధారణ వివేకమున్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అంటుంది. ఇక్కడా ఆ కొలత పాటిస్తే చాలు. వానకు తడవనివ్వకండి, పిల్లల చేతికివ్వకండి. మీరు ఇంట్లో ఉండే వేళలు చెప్పి, ఫలానా తేదీలోగా తీసుకెళ్లమని మెయిల్ పెట్టండి. రాకపోతే ఇంకోసారి రాయండి. ఆఫీసు మానుకుని రోజంతా వాళ్ల కోసం కూర్చోనక్కర్లేదు. పాడైపోయే తిండి వస్తువైతే ఏం చేయాలో వెంటనే రాతపూర్వకంగా అడగండి.

అపోహ: పికప్ అని వచ్చినవాళ్లకు ఇచ్చేస్తే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: రసీదు లేకుండా ఇవ్వకండి. "పొరపాటున మీకొచ్చింది, ఓటీపీ చెప్పండి" అనే ఫోన్లు మోసగాళ్లవి కూడా కావచ్చు. పికప్ వివరాలు యాప్‌లో కనిపించాలి. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇచ్చేటప్పుడు పెట్టె ఫొటో తీసుకోండి. వస్తువు అందలేదని తర్వాత రీఫండ్ ఆపితే మీ చేతిలో ఆధారం ఉండాలి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆర్డర్‌కు డబ్బు కట్టింది మీరై, కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు.