మీకు తెలుసా? ఆస్కార్ గెలిచిన డాక్టరు
‘ది కిల్లింగ్ ఫీల్డ్స్’ (1984)లో కంబోడియా పాత్రికేయుడు డిత్ ప్రాన్‌గా నటించి ఆస్కార్ గెలిచిన హైంగ్ ఎన్‌గోర్ అంతకుముందు ఏ సినిమాలోనూ నటించలేదు. ఆయన వృత్తిరీత్యా డాక్టరు!

ప్రాన్ ‘న్యూయార్క్ టైమ్స్’ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్‌కు దుభాషి, సహచరుడు. 1975 ఏప్రిల్‌లో కంబోడియాను చేజిక్కించుకున్న కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ సైనికులు షాన్‌బర్గ్‌ను, మరికొందరు విలేకరులను పట్టుకుంటే, కాళ్లావేళ్లాపడి విడిపించింది ఆయనే. విదేశీయులు క్షేమంగా దేశం దాటారు. ప్రాన్ మాత్రం అక్కడే చిక్కుకుపోయాడు.

చదువుకున్నవాళ్లని తెలిస్తే చంపేసే రోజులవి. ప్రాన్ టాక్సీ డ్రైవర్‌నని చెప్పుకుని బతికాడు. ఎన్‌గోర్ కూడా డాక్టరునన్న సంగతి దాచిపెట్టాడు. నిర్బంధ శిబిరంలో భార్య పురిటినొప్పులతో కన్నుమూస్తుంటే, స్త్రీల వైద్యుడై ఉండీ ఆపరేషన్ చేయలేకపోయాడు. ఆ మనిషి తెరమీద కళ్లలో చూపించిన భయాన్ని ఏ శిక్షణా నేర్పలేదు.